క్రిస్మస్ డిటెక్టివ్ కథలో పండగ వర్ణన చాలదు, పండగ చేత పని చేయించాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 1885 డిసెంబర్, లండన్ శివార్లలో ఒక పెద్ద ఇల్లు. పండగకి చుట్టాలొచ్చారు, మంచు కురిసి దారులు మూసుకుపోయాయి. క్రిస్మస్ రాత్రి విందు అయ్యాక ఇంటావిడ వజ్రాల హారం మాయమైంది. ముందు పనమ్మాయిని అనుమానించారు. అతిథిగా వచ్చిన రిటైర్డ్ డాక్టరుగారు నగల పెట్టె మీద వేలిముద్రలు తీసి, అప్పుల్లో ఉన్న మేనల్లుడిని పట్టించారు. చదివిన స్నేహితులు "బాగానే ఉంది కానీ క్రిస్మస్ ఫీల్ రాలేదు" అన్నారు, ఇంకా ఏమేం వర్ణించాలని మీరు అడుగుతున్నారు.

ఇంకేమీ వర్ణించకండి. ఇరవై ఏళ్ళుగా డిటెక్టివ్ కథలు రాస్తున్నాను, అనువాదం చేస్తున్నాను, కొత్తవాళ్ళవి దిద్దుతున్నాను, ఈ సమస్య వర్ణనతో తీరగా నేనెప్పుడూ చూడలేదు. మీ కథలో డిసెంబర్ 25 తీసేసి మార్చి 10 అని పెట్టి చదవండి. చెట్టూ, కేకూ, పాటలూ పోతాయి, దొంగతనం మాత్రం అలాగే జరుగుతుంది, దొంగా అలాగే దొరుకుతాడు. స్నేహితులు చెప్పలేకపోయింది అదే. మన సంక్రాంతి తీసుకోండి. భోగి ముందు రాత్రి దొంగతనం జరిగితే తెల్లారేసరికి వీధిలో మంట ఉంటుంది, పాత చెక్క పెట్టె అందులో పడేస్తే ఎవరూ ఎందుకని అడగరు, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చూస్తుండగానే సాక్ష్యం కాలిపోతుంది. అదే కథ ఉగాదికి మారిస్తే నిలబడదు. మీ కథలో క్రిస్మస్ కూడా అలా ఉండాలి, నేరానికి అదే దారివ్వాలి, పట్టించేదీ అదే కావాలి.

మీరు ఎంచుకున్న ఏడాదిలోనే ఆ దారి ఉంది, మీరు చూసుకోలేదంతే. 1885 డిసెంబర్ 25 శుక్రవారం. మర్నాడు శనివారం బాక్సింగ్ డే (పనివాళ్ళకి కానుకలిచ్చే రోజు), 1871లో వచ్చిన చట్టంతో అది బ్యాంకు సెలవు అయింది. ఆ తర్వాత ఆదివారం. అంటే గురువారం సాయంత్రం బ్యాంకు తలుపు మూస్తే మళ్ళీ తెరిచేది సోమవారం 28నే. డబ్బు తీయడానికి లేదు, వజ్రాల హారం కొనే స్థాయి దుకాణం తలుపు తెరుచుకోదు. మూడు రోజులు డబ్బు కదలదు, నగ కదలదు. ఇంట్లో మనుషులు కదలకుండా ఉండడానికి మీరు మంచు కురిపించారు, నిజానికి క్యాలెండరే ఆ పని చేసిపెట్టింది. రైళ్ళు తగ్గినా క్రిస్మస్ రోజు కూడా నడిచేవి, ఆ పొద్దున పోస్టుమ్యాన్ కూడా వచ్చేవాడు. వెళ్ళడానికి వీలుండీ ఎవరూ వెళ్ళని ఇల్లు మంచులో చిక్కుకున్న ఇంటికంటే ఎక్కువ టెన్షన్ ఇస్తుంది, ఎందుకంటే శనివారం పొద్దున్నే ఎవరు పెట్టె సర్దుకున్నా అందరి కళ్ళూ ఆ పెట్టె మీదే ఉంటాయి.

మంచు సంగతి కూడా చెప్పేస్తాను. లండన్‌లో క్రిస్మస్ నాటికి నేలంతా తెల్లగా ఉండడం మనం గ్రీటింగ్ కార్డుల్లో చూసినంత మామూలు విషయం కాదు. పొగమంచు, బురద, బొగ్గు పొగ, వీటినే ఎక్కువగా ఊహించుకోండి. మంచు లేకుండా ఉండలేను అనిపిస్తే కథని 1890కి జరపండి. మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల రికార్డులో అంత చల్లని డిసెంబర్ మరొకటి లేదు, లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో ఆ నెల మొత్తానికి ఒక్క గంట ఎండ కూడా నమోదు కాలేదు. ముప్పై ఒక్క రోజులు సూర్యుడు కనపడని ఊళ్ళో డిటెక్టివ్ కథ అంటే నాకు వెంటనే రాయాలనిపిస్తుంది. కానీ 1890లో క్రిస్మస్ గురువారం పడింది, శనివారం బ్యాంకు తెరుస్తారు, మీ మూడు రోజుల బిగింపు పోతుంది. నా ఓటు 1885కే.

వేలిముద్రలు తీసేయాలి, ఇందులో బేరం లేదు. లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం మొదలైంది 1901లో. దానికి ముందే 1897లో మన కలకత్తాలో పెట్టారు, ఆ వర్గీకరణ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ పోలీసు ఉద్యోగుల కష్టం ఉంది, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది (ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు బాధే). డాక్టరుగారి పాత్ర మీద మీకున్న ఇష్టం చూశాను కాబట్టి ఒక సందు చెబుతాను. 1880లో హెన్రీ ఫాల్డ్స్ అనే డాక్టరు నేచర్ అనే సైన్సు పత్రికకి ఉత్తరం రాస్తూ, నేరస్తుల్ని వేలిముద్రలతో గుర్తించవచ్చన్నాడు. మీ డాక్టరుగారు అది చదివి ఉండొచ్చు. చదివి, పెట్టె మీద జిడ్డు మరక చూసి, "ఇది నాకు ఏదో చెబుతోంది కానీ ఏ కోర్టూ వినదు" అనుకుని వదిలేసినా పాత్రకి లోతు వస్తుంది. అయినా ఇంట్లోవాళ్ళ ముద్రలు ఇంట్లోని పెట్టె మీద ఉంటే దానివల్ల తేలేదేముంది?

ముద్రల బదులు నేను కొవ్వొత్తి ఇస్తాను. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

1848లో ఒక లండన్ వార పత్రికలో విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వచ్చాక ఉన్నవాళ్ళ ఇళ్ళలో చెట్టు పెట్టడం బాగా పాకింది, కాబట్టి 1885లో మీ ఇంట్లో చెట్టు ఉండడం సబబే. దాని మీద దీపాలంటే సన్నటి చిన్న కొవ్వొత్తులు. ఎండు కొమ్మల మధ్య మంట కాబట్టి ఎక్కువసేపు ఉంచేవాళ్ళు కాదు. పిల్లల్ని లోపలికి పిలిచి, వెలిగించి, కాసేపు చూడనిచ్చి ఆర్పేసేవాళ్ళు, పక్కన బకెట్‌తో నీళ్ళు, కర్రకి కట్టిన తడి స్పాంజి ఉండేవి. అంటే ఆర్పేశాక చెట్టు మీద కొవ్వొత్తులన్నీ దాదాపు ఒకే పొడవు ఉండాలి. రెండోది, రాత్రి పడుకునే ముందు ఇలాంటి చాలా ఇళ్ళలో కింద గ్యాస్ దీపాలు కట్టేసేవాళ్ళు, హాల్లో బల్ల మీద పడకగది కొవ్వొత్తులు వరసగా పెట్టి ఉంటే ఎవరిది వాళ్ళు తీసుకుని మెట్లెక్కేవాళ్ళు. ఇప్పుడు ఈ రెండూ కలపండి. రాత్రి లేచి తిరగాల్సిన మనిషి తన గది కొవ్వొత్తి వెలుగుతూనే వదిలి వస్తాడు, తలుపు కింద సందులో వెలుగు కనిపిస్తుంటే లోపలే ఉన్నాడనుకుంటారు. మరి నడవడానికి దీపం? చెట్టు మీద నుంచి ఒకటి తీస్తాడు. పని అయ్యాక మళ్ళీ అక్కడే గుచ్చుతాడు. పొద్దున ఏడేళ్ళ పిల్ల వచ్చి, "నా కొవ్వొత్తి ఎందుకు పొట్టిగా ఉంది?" అని ఏడుస్తుంది. పెద్దవాళ్ళు వేరేది పెడతాలే ఊరుకో అంటారు. డాక్టరుగారు మాత్రం వంగి చూస్తారు.

ఇది రాసేముందు నేను ఒక సన్న కొవ్వొత్తి పట్టుకుని, లైట్లు ఆర్పి, మా ఇంటి వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాను. నిలబడితే మైనం తిన్నగా కొవ్వొత్తి వెంబడే కారుతుంది. నడిస్తే మంట వెనక్కి వాలి ఒక పక్కే కరుగుతుంది, చుక్కలు నేల మీద పడతాయి, రెండు నా బొటనవేలి మీద కూడా పడ్డాయి. నేల మీద పడ్డ చుక్క గుండ్రంగా లేదు, నేను నడిచిన వైపుకి కాస్త సాగి ఉంది. చెట్టుకి ఎర్ర కొవ్వొత్తులు, గదులకి తెల్లవి అని ముందే ఒక మాట రాసి ఉంచితే, ఇంటావిడ గది తివాచీ మీద ఎర్ర చుక్క ఒక్కటి చాలు, పాఠకుడికి అన్నీ చూపించి కూడా దాచినట్టే. చేతి మీద పడ్డ చోట చర్మం మర్నాటికి చిన్నగా ఎర్రబడుతుంది. విందులో ఎవరు గ్లౌజులు తీయకుండా సాగదీశారో చూడండి.

అన్నట్టు, డిసెంబర్ 25న లండన్‌లో సూర్యుడు నాలుగు కొట్టకముందే అస్తమిస్తాడు. మీ రెండో అధ్యాయంలో వంటావిడ సాయంత్రం ఐదింటికి తోటలో "ఎర్ర శాలువా కప్పుకున్న మనిషిని" చూసింది. ఆ చీకట్లో ఎర్రా లేదు, శాలువా లేదు. పొరపాటైతే దిద్దండి, లేదా ఆమె ఎవరినో కాపాడడానికి అబద్ధం చెప్పిందని చేయండి, అది ఇంకా బాగుంటుంది.

ఇక దొంగ. అప్పుల్లో ఉన్న మేనల్లుడు అనగానే నేను రెండో పేజీలోనే కనిపెట్టేశాను, మన్నించండి. అతన్ని అనుమానితుడిగానే ఉంచి, దొంగగా ఇంటాయన్నే చేయండి. దానికి కారణం కూడా ఆ కాలమే ఇస్తోంది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఇంగ్లండ్‌లో 1882లో వచ్చింది, 1883 జనవరి 1 నుంచి అమలైంది. అంతకు ముందు, ముందే పత్రాలు రాయించుకున్న కుటుంబాలు తప్పిస్తే, పెళ్ళైన స్త్రీకి వచ్చిన డబ్బూ నగా మామూలుగా భర్త సొత్తే అయ్యేవి. స్త్రీధనం అనే మాట వింటూ పెరిగిన మన పాఠకులకి ఇది ఒక్క వాక్యంలో చెప్పినా గట్టిగా తగులుతుంది. మీ ఇంటావిడకి 1884లో తల్లి పోయాక ఆ హారం వచ్చిందనుకోండి. ఐదేళ్ళ ముందైతే ఆయన బాహాటంగా అమ్ముకునేవాడు. ఇప్పుడు ఆవిడని అడగాలి. వ్యాపారంలో దెబ్బతిన్న సంగతి చెప్పలేక, హారం తాకట్టు పెట్టి, గాజు రాళ్ళతో అలాంటిదే చేయించి పెట్టెలో పెట్టాడు. రావలసిన డబ్బు క్రిస్మస్ ముందే వస్తుంది, విడిపించేయొచ్చు అనుకున్నాడు. చెక్కు 24వ తేదీ సాయంత్రం పోస్టులో వచ్చింది, అప్పటికి బ్యాంకు మూసేశారు. రేపు రాత్రి విందుకి భార్య ఆ హారం వేసుకుంటుంది, ఎదురుగా కూర్చునే మేనత్తకి రాళ్ళు చూడగానే తెలిసిపోతాయి. అందుకని నకిలీ హారం ఆ రాత్రే మాయం కావాలి. సోమవారం అసలుది తెచ్చి ఎక్కడో దొరికినట్టు చూపిస్తే సరిపోతుంది. అతనికి కావలసింది మూడు రోజులు.

చూశారా, ఇప్పుడు తేదీ కదిపితే కథ కూలుతుంది. దొంగతనం మాత్రం 25 రాత్రి నుంచి 24 రాత్రికి జరపాలి, పిల్లల కోసం చెట్టు వెలిగించేది కూడా ఆ సాయంత్రమే అని పెట్టుకోండి.

ఆ మూడు రోజులూ పనమ్మాయికి ఏమవుతుందన్నదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది. మీరు ఆమెని మూడు పేజీలు ఏడిపించి వదిలేశారు. ఆ కాలంలో పనిమనిషి ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంట్లో చేరాలంటే పాత యజమాని రాసిచ్చే నడవడి పత్రం కావాలి, దాన్ని వాళ్ళు క్యారెక్టర్ అనేవాళ్ళు. అది లేకుండా గెంటేస్తే మంచి ఇంట్లో పని దొరకదు. యజమాని సొత్తు దొంగిలించిన పనివాళ్ళకి శిక్షలు కూడా గట్టిగా ఉండేవి. హాయిగా చదివించే డిటెక్టివ్ కథలో రక్తం ఉండకపోవచ్చు, కానీ ఆ అమ్మాయికి మాత్రం అది చావుబతుకుల సంగతే, మీకది తెలుసని పాఠకుడికి తెలియాలి. ఇంటాయన చెడ్డవాడు కాదు, సోమవారానికి అంతా సర్దుకుంటుందని తనకి తాను చెప్పుకుంటూ, ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల నలిగిపోతుంటే నోరు విప్పడు. అసలు నేరం హారం కాదు, ఇది.

దీన్ని చూపించడానికి బాక్సింగ్ డే వాడుకోండి. మన దసరా మామూళ్ళ లాంటిదే. పోస్టుమ్యాన్, వీధి దీపాలు వెలిగించేవాడు, చెత్త తీసుకెళ్ళేవాడు వచ్చి క్రిస్మస్ బాక్స్ అడిగి పుచ్చుకునేవాళ్ళు, ఇంట్లో పనివాళ్ళకి కూడా ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు, చాలాసార్లు అది యూనిఫాం కుట్టించుకోవడానికి గుడ్డే. పనివాళ్ళందరూ హాల్లో వరసగా నిలబడ్డారు, ఇంటావిడ ఒక్కొక్కరి పేరూ పిలుస్తోంది, ఈ అమ్మాయి పేరు దగ్గర ఆగకుండా తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ముందుకి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. ఇంటాయన కిటికీ వైపు తిరిగాడు. అక్కడ డాక్టరుగారికి అర్థమవ్వాలి. కొవ్వొత్తితో మనిషి ఎవరో తెలిసింది, ఇక్కడ ఎలాంటి మనిషో తెలుస్తుంది.

పోలీసుల్ని పిలవకపోవడానికి మీరు మంచుని కారణంగా చూపించారు, అక్కర్లేదు. స్కాట్లండ్ యార్డ్‌లో డిటెక్టివ్ విభాగం 1842లో ఎనిమిది మందితో మొదలైంది, 1877లో అందులోనే పెద్ద అవినీతి కేసు బయటపడింది, మర్నాడే కాదు కానీ మరుసటి ఏడాది దాన్ని రద్దు చేసి సీఐడీ పెట్టారు. పెద్ద ఇళ్ళకి ఇంకో భయం కూడా ఉంది. 1860లో రోడ్ అనే పల్లెలో చిన్న పిల్లాడు హత్యకి గురైతే, ఇన్‌స్పెక్టర్ విచర్ ఆ ఇంటి కూతురు కాన్‌స్టన్స్ కెంట్‌నే అనుమానించాడు. పెద్దింటి పిల్ల మీద నింద వేస్తావా అని పత్రికలు విరుచుకుపడ్డాయి, ఆయన పరువు పోయింది. 1865లో ఆ అమ్మాయే నేరం ఒప్పుకుంది. మీ ఇంటావిడ ఇది విని పెరిగిన మనిషే. పోలీసు గుమ్మంలోకి వస్తే ఇంటి గుట్టు పేపర్లో పడుతుందని, "డాక్టరుగారూ, మీరే చూడండి" అంటుంది. సరిపోతుంది.

హారాన్ని పుడింగ్‌లో దాచాలని, లేకపోతే బాతు కడుపులో పెట్టాలని ఒక వ్యాఖ్యలో అన్నారు. రెండూ వద్దు. బాతు ఆలోచన 1892 జనవరిలోనే షెర్లాక్ హోమ్స్ కథలో కానన్ డాయిల్ వాడేశాడు, పుడింగ్‌లో కెంపు అగాథా క్రిస్టీ వాడేసింది, డిటెక్టివ్ కథలు చదివేవాళ్ళకి రెండూ తెలుసు. ఎవరూ అంతగా తొక్కనిది కావాలంటే మిసల్‌టో ఉంది. గుమ్మానికి వేలాడదీసే ఆ కొమ్మకి తెల్లటి చిన్న కాయలుంటాయి, కింద ముద్దు పెట్టుకున్న ప్రతిసారీ మగవాడు ఒక కాయ తెంపాలి, కాయలు అయిపోతే ముద్దులూ అయిపోయినట్టే అని ఆచారం. రాత్రి పదకొండుకి ఏడు ఉన్నవి పొద్దున ఆరే ఉంటే, మీ మేనల్లుడు ఆ వేళ ఎక్కడున్నాడో, ఎవరి పేరు బయటపెట్టలేక నోరు మూసుకున్నాడో తేలిపోతుంది.

భాష విషయంలో రెండు మాటలు. ఇంగ్లీషులో నెఫ్యూ అంటే సరిపోతుంది, మనకి సరిపోదు. మీరు మేనల్లుడు అన్నారు కాబట్టి ఇంటాయనకి అక్క కొడుకో చెల్లెలి కొడుకో అయ్యాడు. ఆ కాలపు భూస్వాముల ఇళ్ళలో ఆస్తి ఎక్కువగా మగ వరసలోనే వెళ్ళేది, అదే తమ్ముడి కొడుకైతే ఆ ఇంటికి వారసుడు కావచ్చు, అనుమానం రెట్టింపవుతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోండి, తెలుగు పాఠకుడు ఆ ఒక్క మాటతో లెక్క వేసేస్తాడు. మేనత్త ఎవరి తరఫో కూడా అంతే. ఇక భార్య భర్తని "ఏమండీ" అనగానే నాకు గోదావరి జిల్లా పెంకుటిల్లు కనిపించింది, "మీరు" దగ్గర ఆగండి. వంటావిడని అందరూ మీరు అనాలి, పెళ్ళి కాకపోయినా ఆవిడని మిసెస్ అనే పిలిచేవాళ్ళు. పనమ్మాయిని నువ్వు అంటారు. చాలా ఇళ్ళలో వచ్చిన పిల్లకి సొంత పేరు తీసేసి వాళ్ళకి అలవాటైన మేరీ లాంటి పేరు పెట్టేసేవాళ్ళు. మీ అమ్మాయికి కూడా అలా ఒక పేరు పెట్టండి, అసలు పేరు కథ అయ్యేదాకా చెప్పకండి.

చివరి అధ్యాయంలో బేడీలు తీసేయండి. సోమవారం పొద్దున బ్యాంకు తెరిచే వేళకి ఇంటాయన కోటు వేసుకుంటుంటే డాక్టరుగారు ఆ ఎర్ర కొవ్వొత్తి ముక్క బల్ల మీద పెడతారు, అంతే. హారం సంగతి భార్యాభర్తలు తలుపేసుకుని మాట్లాడుకుంటారు, ఆ మాటలు మనం వినక్కర్లేదు. తలుపు తెరుచుకున్నాక ఇంటావిడ తన రాత బల్ల ముందు కూర్చుని నడవడి పత్రం రాయడం మొదలుపెడుతుంది, పేరు దగ్గర కలం ఆగిపోతుంది, అమ్మాయిని పిలిచి "నీ అసలు పేరేమిటి?" అని అడుగుతుంది. ఆ అమ్మాయి చెబుతుంది, పత్రం తీసుకుంటుంది, పెట్టె ముందే సర్దుకుని ఉంది.